పాత కారు స్టీరియోను మార్చకుండా శాటిలైట్ రేడియో పెట్టుకోవడం ఎలా?

అమెరికాకు చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది మొదట కొనుక్కునేది పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి టయోటా క్యామ్రీయో హోండా అకార్డో. ఇంజను నిక్షేపంగా ఉంటుంది, ఏసీ చల్లగానే ఉంటుంది. స్టీరియో మాత్రం ఎఫ్ఎం, ఏఎం, సీడీ, కొన్నిట్లో క్యాసెట్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఊరు దాటి హైవే ఎక్కిన కాసేపటికి వింటున్న ఎఫ్ఎం స్టేషన్ గరగరమంటూ మాయమవుతుంది. పోనీ ఫోనులో విందామంటే నెవాడా ఎడారిలోనో మోంటానా కొండల్లోనో సిగ్నల్ అందదు. ఇలాంటి దారుల్లో తెగకుండా మోగేది శాటిలైట్ రేడియో ఒక్కటే.

కారుతో పాటు వచ్చిన స్టీరియోను అలాగే ఉంచి, దానికి సిరియస్ ఎక్స్ఎం (అమెరికాలో నెలనెలా చందా మీద శాటిలైట్ రేడియో నడిపే కంపెనీ) పెట్టెను తగిలించుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. కొత్త స్టీరియో కొని బిగించుకుంటే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. నేను మాత్రం వద్దనే అంటాను. 2003 నుంచి 2007 దాకా వచ్చిన అకార్డ్‌లో రేడియో మీటలు, ఏసీ మీటలు ఒకే పలకలో కలిసి ఉంటాయి. రేడియో తీయాలంటే ఏసీ మీటలకూ వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో సీటుబెల్టు, తలుపు హెచ్చరిక శబ్దాలు స్టీరియో ద్వారానే వస్తాయి. స్టీరియో పీకేస్తే ఆ హెచ్చరికలూ పోతాయి. బాగా పనిచేస్తున్న వస్తువును తీసేసి ఇన్ని తలనొప్పులు తెచ్చుకోవలసిన అవసరం లేదు. శాటిలైట్ పెట్టె నుంచి శబ్దాన్ని ఆ స్టీరియోలోకి శుభ్రంగా పంపే దారి దొరికితే చాలు.

ఈ రేడియో ఎలా వస్తుందో తెలిస్తే బిగించేటప్పుడు పొరపాట్లు తగ్గుతాయి. ఎక్స్ఎం 2001 సెప్టెంబరు 25న, సిరియస్ 2002లో ప్రసారాలు మొదలుపెట్టాయి. 2008 జులైలో రెండూ ఒకే కంపెనీ అయ్యాయి. ప్రసారం 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అంటే అమెరికాలో ఉన్నవారికి అవి ఎప్పుడూ దక్షిణం వైపు ఆకాశంలోనే ఉంటాయి. సియాటిల్ లాంటి ఉత్తరాది ఊళ్లలో బాగా కిందికి వాలి కనిపిస్తాయి కాబట్టి, దక్షిణాన చెట్టో మేడో ఉంటే సిగ్నల్ తెగుతుంది. పెద్ద నగరాల నడిబొడ్డున మేడలు అడ్డొస్తాయని నేల మీద కూడా పునఃప్రసార కేంద్రాలు పెట్టారు.

మన దేశంలోనూ ఒకప్పుడు శాటిలైట్ రేడియో ఉండేది. వరల్డ్‌స్పేస్ రిసీవర్ కొనుక్కుని ‘స్పందన’ ఛానల్‌లో తెలుగు పాటలు విన్నవాళ్లు ఇది చదువుతుంటే ఆ స్పష్టత గుర్తుకొస్తుంది. ఆ సేవ భారతదేశంలో 2009 డిసెంబరు 31తో ఆగిపోయింది. సిరియస్ ఎక్స్ఎం ఉపగ్రహాలు చూసేది ఉత్తర అమెరికాను మాత్రమే. కాబట్టి ఈ పెట్టె కొని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అన్నయ్య కారుకు పంపిస్తే అక్కడ ఏమీ వినిపించదు.

ముందు మీ కారులో ఏముందో చూడండి

ఏదైనా కొనే ముందు ఒక పావుగంట కారులో కూర్చుని పరిశీలించండి.

స్టీరియో మీద ‘శాట్’ అనో ‘ఎక్స్ఎం’ అనో మీట ఉందా? కారు కప్పు మీద సొరచేప రెక్క ఆకారంలో చిన్న యాంటెన్నా ఉందా? రెండూ ఉంటే ఆ మీట నొక్కి ఛానల్ 0కు వెళ్లండి. ఎక్స్ఎం రకమైతే ఎనిమిది అక్షరాల రేడియో ఐడీ, సిరియస్ రకమైతే 12 అంకెల ఐడీ తెర మీద కనిపిస్తుంది. కనిపించిందంటే మీ కారులో శాటిలైట్ సిగ్నల్‌ను అందుకునే ట్యూనర్ ముందే ఉంది, పాత యజమాని చందా ఆపేశాడంతే. ఇక సామాన్లు వేటికీ డబ్బు పెట్టనక్కర్లేదు. నేరుగా చందా గురించి చెప్పిన భాగానికి వెళ్లిపోండి. డీలరు దగ్గర కొన్న పాత కారయితే కొన్ని నెలల ఉచిత చందా కూడా వచ్చే అవకాశం ఉంది, అడిగి చూడండి.

మీట ఉండి, నొక్కితే ఏమీ జరగకపోతే ఆ స్టీరియో శాటిలైట్‌కు సిద్ధంగా తయారైందే కానీ ట్యూనర్ పెట్టె అమర్చలేదని అర్థం. 2000ల మధ్యలో వచ్చిన టయోటాల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

తర్వాత ఆక్స్ జాక్ కోసం వెతకండి. ఇయర్‌ఫోను పట్టేంత గుండ్రటి రంధ్రం, 3.5 మిల్లీమీటర్లది. స్టీరియో ముఖం మీద కనబడకపోతే లేదనుకోకండి. చేతులు ఆనించుకునే పెట్టె లోపల, గ్లవ్ బాక్సులో, గేర్ ముందున్న చిన్న అరలో కూడా చూడండి. 2007 క్యామ్రీ నుంచి ఈ సౌకర్యం మామూలైపోయింది. అంతకు ముందువాటిలో దొరకడం అరుదు. అది లేకపోతే క్యాసెట్ పెట్టుకునే చోటు ఉందేమో చూడండి. ఈ రోజుల్లో క్యాసెట్ ఎవరికి కావాలి అనిపించవచ్చు, కానీ ఈ పనికి అది ఎంతో మంచి దారి.

చివరగా సిగరెట్ లైటర్ సాకెట్. తాళం తీసేసిన తర్వాత కూడా అందులో కరెంటు ఉంటుందా? ఫోను ఛార్జర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. తాళం తీసినా ఛార్జింగ్ ఎక్కుతుంటే, రేడియో పెట్టె రాత్రంతా కరెంటు లాగుతూనే ఉంటుంది. అలాంటి కారులో దిగేటప్పుడల్లా ప్లగ్ తీయాలి, లేదంటే తాళంతో పాటు ఆగిపోయే ఫ్యూజు నుంచి కరెంటు తీసుకోవాలి.

శబ్దానికి ఏ దారి?

పెట్టె ఏదైనా చివరికి పాట మీ స్పీకర్లలో ఎలా వినిపిస్తుందన్నది స్టీరియోకు కలిపే పద్ధతి మీదే ఆధారపడి ఉంటుంది. నా దృష్టిలో వరుస ఇది: అన్నిటికంటే మేలు ఆక్స్ తీగ. అది లేకపోతే క్యాసెట్ అడాప్టర్, అంటే తీగ ఉన్న క్యాసెట్ ఆకారపు పరికరం. రెండూ లేకపోతే ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్, అంటే కారు యాంటెన్నా తీగకు, స్టీరియోకు మధ్య తగిలించేది. గాలిలో పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఇక గత్యంతరం లేనప్పుడే.

చాలామంది మొదట చేసేది చివరిదే, ఎందుకంటే అది తేలిక. పెట్టెను సాకెట్‌కు పెట్టి, స్టీరియోను ఖాళీగా ఉన్న ఎఫ్ఎం నంబరుకు తిప్పితే సరిపోతుంది. కానీ అలాంటి ట్రాన్స్‌మిటర్లు ఎంత బలంగా ప్రసారం చేయవచ్చన్న దానికి అమెరికాలో ప్రసారాలను నియంత్రించే కమ్యూనికేషన్ల కమిషన్ (ఎఫ్‌సీసీ) కఠినమైన హద్దు పెట్టింది: మూడు మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. తమ పెట్టెల్లో కొన్ని ఈ హద్దు దాటుతున్నాయని 2006లో అప్పటి రెండు కంపెనీలూ ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పెట్టెలు నిబంధనకు లోబడి పనిచేస్తాయి, కాబట్టి బలహీనంగానే ఉంటాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఖాళీ ఎఫ్ఎం నంబరు దొరకడమే కష్టం. దొరికినా పది మైళ్లు వెళ్లేసరికి ఇంకో ఊరి స్టేషన్ దాని మీదకు వచ్చి పడుతుంది. అంత దూరం నుంచి వచ్చిన శుభ్రమైన సిగ్నల్‌ను చివరి మూడడుగుల్లో పాడు చేసుకోవడం బాధగా ఉంటుంది.

ఆక్స్ వాడితే ఇంకో లాభం కూడా ఉంది. శాటిలైట్ రేడియో వార్తలకు, ఆటల వ్యాఖ్యానాలకు, దూర ప్రయాణాలకు. తెలుగు పాటలు కావలసినప్పుడు అదే జాక్‌కు ఫోను తగిలించుకోవచ్చు.

‘శాట్’ మీట ఉండి ట్యూనర్ లేని స్టీరియోలకు మరో దారి ఉంది. స్టీరియో వెనక ఉండే శాటిలైట్ పోర్టుకు ఒక మార్పిడి పెట్టె తగిలించి, దానికి సిరియస్ ఎక్స్ఎం వారి ఎస్ఎక్స్‌వీ300 ట్యూనర్ కలపడం. ఇది కుదిరితే ఇంతకు మించినది లేదు. ఛానల్ పేరు, పాట పేరు కారు తెర మీదే వస్తాయి, డాష్‌బోర్డు మీద అదనంగా ఏ వస్తువూ ఉండదు. కాకపోతే మార్పిడి పెట్టె మీ స్టీరియోకు కచ్చితంగా సరిపోవాలి. కారు పేరు, సంవత్సరం చూసి కొనేస్తే చాలదు. టయోటా స్టీరియోల ముఖం మీద, అంచు దగ్గర, చిన్న అక్షరాల్లో ఒక మోడల్ కోడ్ అచ్చువేసి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి అమ్మేవారికి పంపి, సరిపోతుందని రాతపూర్వకంగా చెప్పించుకున్న తర్వాతే డబ్బు కట్టండి. బయట అమర్చిన సీడీ ఛేంజరో, ఐపాడ్ అడాప్టరో ఆ పోర్టును ముందే ఆక్రమించి ఉండవచ్చు, అదీ చూసుకోండి.

ఏం కొనాలి

మామూలు అవసరానికి సిరియస్ ఎక్స్ఎం వారి ఓనిక్స్ శ్రేణి పెట్టె, దానితో పాటు వచ్చే వాహన కిట్ సరిపోతాయి. కిట్‌లో డాక్ (పెట్టెను కూర్చోబెట్టే స్టాండు), అయస్కాంతపు యాంటెన్నా, పవర్ అడాప్టర్, ఆక్స్ తీగ ఉన్నాయో లేదో చూసుకోండి. క్యాసెట్ అడాప్టర్, ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్ విడిగా కొనాలి. కేవలం పెట్టె ఒక్కటే చవగ్గా దొరికిందని కొంటే, మిగతా సామాను విడివిడిగా కొనేసరికి కిట్ ధర దాటిపోతుంది.

పాత పెట్టె ఎవరి దగ్గరైనా కొంటుంటే రెండు జాగ్రత్తలు. ఛానల్ 0లో రేడియో ఐడీ కనిపించేలా ఫొటో పంపమనండి. ఆ ఐడీ మీద చందా ఎక్కుతుందో లేదో కంపెనీని అడిగి తెలుసుకోండి. రెండోది పవర్ అడాప్టర్. ఇప్పటి డాక్‌లు 5 వోల్టులతో పనిచేస్తాయి, పాత డాక్‌లు కొన్ని 12 వోల్టులవి. ప్లగ్ పట్టింది కదా అని పాత 12 వోల్టుల అడాప్టర్‌ను కొత్త డాక్‌కు పెడితే పెట్టె పాడవుతుంది. అడాప్టర్ మీద రాసి ఉన్న అంకె చదవకుండా ఏదీ తగిలించకండి.

బిగించే ముందు ఒకసారి పరీక్ష

ఏ పలకా ఊడదీయకముందే, ఆకాశం బాగా కనిపించే ఖాళీ పార్కింగ్ స్థలంలో అంతా వదులుగా కలిపి చూడండి. యాంటెన్నా కప్పు మీద పెట్టి, తీగను కిటికీ లోంచి లోపలికి తెచ్చి, డాక్ ఒళ్లో పెట్టుకుని ఆన్ చేయండి. చందా లేకపోయినా ఛానల్ 1 నమూనా ప్రసారం వినిపించాలి. ఇక్కడ వినిపించకపోతే సామాన్లలోనే లోపం ఉన్నట్లు, తిరిగి ఇచ్చేయవచ్చు. తీగలన్నీ రబ్బరు అంచుల కింద దాచేశాక ఈ సంగతి తెలిస్తే పని రెండింతలవుతుంది.

యాంటెన్నా

ఇక్కడ తొందరపడకండి. ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే.

యాంటెన్నాకు రెండు కావాలి: పైన అడ్డులేని ఆకాశం, కింద ఇనుప రేకు. రేకు కేవలం అయస్కాంతం అంటుకోవడానికి కాదు, సిగ్నల్‌ను అందుకోవడంలో దానికీ పాత్ర ఉంది. అందుకే డాష్‌బోర్డు మీదో వెనక అద్దం దగ్గర అర మీదో పెడితే సగం సగం పనిచేస్తుంది. కారు కప్పు మీదే పెట్టాలి. అన్ని వైపులా కనీసం 3 అంగుళాల చదునైన రేకు ఉండేలా, అద్దం అంచుకు, సన్‌రూఫ్‌కు, సామాన్లు కట్టే కడ్డీలకు దూరంగా పెట్టండి. కప్పు ముడిచే కార్లలో డిక్కీ మూత మీద పెట్టుకోవచ్చు.

సెడాన్‌లో తీగను వెనక నుంచి తేవడం నాకు నచ్చే పద్ధతి. యాంటెన్నాను కప్పు వెనక భాగంలో, మధ్యలో పెట్టండి. తీగను అక్కడి నుంచి వెనక అద్దం చుట్టూ ఉండే రబ్బరు అంచు కిందికి నెట్టుతూ పక్కగా కిందికి తీసుకురండి. వేలితో నొక్కితే వెళ్తుంది, వెళ్లకపోతే పాత క్రెడిట్ కార్డు అంచు వాడండి. స్క్రూడ్రైవరు వాడితే రబ్బరు చీరుతుంది, తీగ పై తొడుగు కూడా తెగవచ్చు. అద్దం అడుగు దాకా తెచ్చాక, అత్యంత కింది చోట బయటికి తీసి, డిక్కీ రబ్బరు కింద నుంచి లోపలికి పంపండి. కింది చోటే ఎందుకంటే, వాన నీరు తీగ వెంట జారుతుంది. మధ్యలోనే లోపలికి తిప్పితే నీరు కూడా తీగతో పాటు డిక్కీలోకి వస్తుంది. డిక్కీ మూత వేసి తీసి, కీలు దగ్గర తీగ నలగడం లేదని చూసుకోండి.

డిక్కీ నుంచి వెనక సీటు పక్కగా, తలుపు గడపల మీది ప్లాస్టిక్ పట్టీల కింద నుంచి ముందుకు తెచ్చి, కాళ్ల దగ్గర నుంచి డాష్‌బోర్డు కిందికి చేర్చండి. ఆ పట్టీలు చేత్తో పైకి లాగితే క్లిప్పులు ఊడి వస్తాయి. ప్లాస్టిక్ పనిముట్లు వాడితే గీతలు పడవు.

ముందు అద్దం వైపు నుంచి తేవాలనుకుంటే ఒక హెచ్చరిక. అద్దానికి అటూ ఇటూ ఉండే నిలువు స్తంభాల లోపల, 2000ల తర్వాతి కార్లు చాలావాటిలో పక్క ఎయిర్‌బ్యాగులుంటాయి. వాటి మీదుగా తీగ పోతే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. ఆ స్తంభాలను ముట్టుకోకండి. పసుపు రంగు తొడుగున్న తీగలు, పసుపు కనెక్టర్లు ఎక్కడ కనిపించినా అవి ఎయిర్‌బ్యాగువే అనుకుని వదిలేయండి.

యాంటెన్నా తీగ సుమారు 20 అడుగులకు పైనే ఉంటుంది. మిగిలిందని కత్తిరించకండి, కత్తిరించి అతికించిన తీగ పనిచేయదు. మిగిలిన భాగాన్ని పెద్ద చుట్టగా చుట్టి డిక్కీలో ఒక మూల కట్టేయండి. గట్టిగా మడత పెట్టవద్దు, తలుపు సందులో నలగనివ్వవద్దు.

కారుకు ముందే సొరచేప రెక్క యాంటెన్నా ఉంటే, దాని తీగ చివర ఫాక్రా అనే చతురస్రపు కనెక్టర్ ఉంటుంది. శాటిలైట్ రేడియోకు కేటాయించిన ఫాక్రా ముదురు పసుపు రంగులో, ఇంచుమించు కర్రీ పౌడర్ ఛాయలో ఉంటుంది. తగిన అడాప్టర్‌తో దాన్నే మీ పెట్టెకు కలుపుకోవచ్చు. అప్పుడు పైన చెప్పిన తీగ పని మొత్తం తప్పిపోతుంది.

డాక్, కరెంటు

డాక్‌ను గేరు తిప్పడానికి, ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి అడ్డం రాని చోట, రోడ్డు మీద నుంచి చూపు మరీ కిందికి దించకుండా కనిపించే చోట పెట్టండి. ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించే క్లిప్పు వీలుగా ఉంటుంది కానీ పాత కార్లలో ఆ జాలీ పెళుసుబారి ఉంటుంది, బరువు పెట్టే ముందు వేలితో కదిపి చూడండి. జిగురు స్టాండు వాడితే చోటును ఆల్కహాల్‌తో తుడిచి, వాతావరణం 60 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఉన్న రోజున అతికించండి. చలిలో అంటించినది నిలవదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ముందు అద్దానికి ఏది తగిలించాలన్నా పరిమితులున్నాయి.

పవర్ అడాప్టర్‌ను సాకెట్‌లో పెట్టేయడమే సులువు. తీగ కనిపించకూడదనుకుంటే ఫ్యూజు పెట్టె నుంచి తీసుకోవచ్చు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజును టెస్టర్‌తో గుర్తించి, అదనపు ఫ్యూజు పట్టే ట్యాప్ అందులో పెట్టి, దానికి విడి లైటర్ సాకెట్ కలిపి, ఆ సాకెట్‌ను డాష్‌బోర్డు వెనక దాచండి. ఎయిర్‌బ్యాగు, బ్రేకు, ఇంజను కంప్యూటర్ ఫ్యూజుల జోలికి వెళ్లవద్దు.

స్టీరియోకు కలపడం

ఆక్స్ ఉంటే డాక్‌లోని ఆడియో అవుట్ నుంచి తీగను జాక్‌లో పెట్టండి. పెట్టె మెనూలో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌ను ఆపేయండి. తర్వాత అదే మెనూలో ఆడియో స్థాయిని, కారు ఎఫ్ఎం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో అంతకు సమానంగా సర్దండి. ఈ సర్దుబాటు వదిలేస్తే, ఆక్స్ నుంచి ఎఫ్ఎంకు మారినప్పుడు చెవులు అదిరిపోతాయి.

క్యాసెట్ అడాప్టర్‌కూ ఇదే పద్ధతి. అడాప్టర్ పెట్టే ముందు హెడ్ శుభ్రం చేసే క్యాసెట్ ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి వాడని క్యాసెట్ హెడ్ మీద పేరుకున్న మడ్డి వల్ల పాట మూసుకుపోయినట్లు వినిపిస్తుంది. శుభ్రం చేస్తే వెంటనే తేడా తెలుస్తుంది. స్టీరియో పదేపదే అడాప్టర్‌ను బయటికి తోసేస్తే, లోపలి చక్రాలు బిగుసుకున్నాయేమో చూడండి. తక్కువ రకం అడాప్టర్లలో ఇది మామూలే.

ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్‌కు స్టీరియోను బయటికి లాగాలి. ఇందులో చేయి తిరగని వాళ్లు కార్ ఆడియో దుకాణానికి ఇవ్వడం మంచిది. మీరే చేసేటట్లయితే, ముందు స్టీరియోకు దొంగతనాన్ని ఆపే కోడ్ ఉందేమో తెలుసుకోండి. హోండాల్లో బ్యాటరీ తీసి పెట్టగానే తెర మీద ‘కోడ్’ అని వచ్చి రేడియో మూగబోతుంది. ఆ 5 అంకెల కోడ్ కార్డు యజమాని పుస్తకంలో గానీ, దాని అంటింపు చీటీ గ్లవ్ బాక్సులో గానీ ఉంటుంది. కోడ్ చేతికి వచ్చాకే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. విప్పాక కొన్ని నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగు వ్యవస్థలో మిగిలిన కరెంటు దిగిపోవాలి.

స్టీరియో చుట్టూ ఉన్న పలకను ప్లాస్టిక్ పనిముట్టుతో కింది నుంచి మెల్లగా ఊడదీయండి. టయోటాల్లో చాలామటుకు స్టీరియోను 10 మిల్లీమీటర్ల బోల్టులు పట్టి ఉంచుతాయి. అవి కింద పడితే వెతుక్కోవడం కష్టం, గేరు చుట్టూ ఒక గుడ్డ పరవండి. స్టీరియోను కొద్దిగా ముందుకు లాగితే వెనక లావుగా, ఒంటి పిన్నుతో ఉన్న తీగ కనిపిస్తుంది. అది కారు ఎఫ్ఎం యాంటెన్నాది. దాన్ని లాగి అడాప్టర్‌లో పెట్టండి, అడాప్టర్ రెండో చివరను స్టీరియోలో పెట్టండి, మూడో తీగను డాక్ దగ్గరకు తీసుకురండి. కొన్ని కార్లలో ఆ ప్లగ్ ఆకారం వేరుగా ఉంటుంది, దానికి చిన్న మార్పిడి ప్లగ్ దొరుకుతుంది. పలక మూసే ముందే బ్యాటరీ కలిపి, మామూలు ఎఫ్ఎం స్టేషన్లు మునుపటిలా వస్తున్నాయో లేదో చూడండి. శాటిలైట్ పెట్టె ఆన్‌లో ఉన్నప్పుడు అడాప్టర్ బయటి యాంటెన్నాను ఆపేస్తుంది కాబట్టి వేరే స్టేషన్ మీద పడదు. పెట్టె ఆపితే ఎఫ్ఎం ఎప్పటిలా వస్తుంది.

గాలిలో పంపే ఎఫ్ఎంతోనే సరిపెట్టుకోవలసి వస్తే, 88.1 నుంచి 107.9 దాకా ఒక్కొక్కటే తిప్పుతూ, ఒట్టి గరగర మాత్రమే వినిపించే నంబరు వెతకండి. దానికి అటూ ఇటూ ఉన్న నంబర్లు కూడా ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. దూరం వెళ్లే ముందు అలాంటివి రెండు మూడు స్టీరియోలో దాచి ఉంచుకోండి.

చందా ఎక్కించడం

కారును ఇంటి గ్యారేజీ లోంచి బయటికి తీసి, దక్షిణం వైపు ఆకాశం కనిపించే చోట ఆపండి. ఛానల్ 0లో ఐడీని రాసుకోండి. ఆ ఐడీల్లో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నా, ఎస్ లాగా కనిపించేది 5. ఇది తెలియక ఐడీ తప్పు రాసి, యాక్టివేషన్ కావడం లేదని తిరిగేవాళ్లు ఎక్కువ. కంపెనీ సైటులోనో ఫోనులోనో వివరాలిచ్చాక ఉపగ్రహం నుంచి మీ పెట్టెకు ఒక ఆదేశం వస్తుంది. అది అందేదాకా, మామూలుగా 10 - 15 నిమిషాలు, పెట్టెను ఆన్‌లోనే ఉంచండి. రాకపోతే సైటులో రిఫ్రెష్ సిగ్నల్ అడిగి మళ్లీ ఆగండి.

డబ్బు విషయంలో కళ్లు తెరుచుకుని ఉండండి. ప్రకటనలో చూపించే ధరకు మ్యూజిక్ రాయల్టీ ఫీజు, పన్నులు అదనం. రాయితీ గడువు ముగిశాక చందా దానంతటదే పూర్తి ధరకు మారి మీ కార్డు మీద పడుతుంది. కాబట్టి చేరిన రోజునే ఫోను క్యాలెండర్‌లో ముగిసే తేదీకి వారం ముందు గుర్తు పెట్టుకోండి. చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేస్తున్నారంటూ న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2023 డిసెంబరులో ఈ కంపెనీ మీద దావా వేశారు. 2024 నవంబరులో కోర్టు ప్రధానాంశంలో రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. రద్దు చేయమని అడిగితే తక్కువ ధర చూపించి ఆపే ప్రయత్నం జరుగుతుంది. మీకు కావాలంటే ఆ ధర తీసుకోండి, వద్దంటే మాట మార్చకుండా రద్దు చేయించి, ధ్రువీకరణ నంబరు రాసుకోండి.

పనిచేయకపోతే

‘చెక్ యాంటెన్నా’ అని వస్తే తీగ ప్లగ్ వదులుగా ఉందేమో చూడండి, డాక్‌లోకి టక్కుమని కూర్చోవాలి. సరిగ్గానే ఉంటే తీగ ఎక్కడో నలిగినట్లు. సిగ్నల్ లేదని వస్తే ముందు మీరు ఆగిన చోటును అనుమానించండి: గ్యారేజీ, పెట్రోలు బంకు కప్పు, గుబురు చెట్టు. యాంటెన్నా మీద తడి మంచు పేరుకున్నా ఇదే జరుగుతుంది.

ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే అది ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) శబ్దం. ఫోను ఛార్జర్ తీసి చూడండి, తగ్గితే కారణం అదే. తగ్గకపోతే ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం పెడితే పోతుంది. ఖరీదు తక్కువే.

యాంటెన్నా అయస్కాంతం కింద ఇసుక, ఇనుప రజను చేరి కారు రంగును గీరుతుంది. అప్పుడప్పుడు నిలువుగా పైకెత్తి, అడుగును, రేకును తుడిచి మళ్లీ పెట్టండి. పక్కకు ఈడ్చవద్దు. బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కు వెళ్తే ముందుగా యాంటెన్నాను తీసి లోపల పెట్టుకోండి, లేదా నీళ్లు మాత్రమే చిమ్మే రకానికి వెళ్లండి.

కారు అమ్మేటప్పుడు పెట్టెను, డాక్‌ను, యాంటెన్నాను తీసుకోవడం మరవకండి. చందా ఉండేది కారుకు కాదు, పెట్టె ఐడీకి. అదే పెట్టె తర్వాతి కారులోనూ పనిచేస్తుంది. కొత్త కారులో ట్యూనర్ ముందే ఉంటే మిగిలిన చందాను దాని ఐడీకి మార్చమని అడగండి. పాత ఐడీ మీద చందా ఆగినట్లు మెయిల్ వచ్చేదాకా కార్డు బిల్లును ఒక కంట కనిపెట్టి ఉండండి.